మూర కలపని బొంత

నేను ఒక గజంబద్దను. కొలిమిలో ఎర్రగా కాగి, రెండు చివరలా సర్కారు ముద్ర వేయించుకుని తుని బజారుకి వచ్చాను. తండ్రి చేతిలో నునుపెక్కి, కొడుకు కనకలింగం శెట్టి చేతికి చేరాను. ఇప్పుడు ఆయన బట్టల కొట్టు అటక మీద తుప్పుపట్టి పడున్నాను.

మనుషులు తమాషా అయినవాళ్ళు. పెళ్ళికైతే అడక్కుండానే రెండు గజాలు ఎక్కువ కొంటారు. బొంత దగ్గరికొచ్చేసరికి జానెడు గుడ్డకి గీచిగీచి బేరమాడతారు. నిజానికి బొంత లెక్క సులువే. మనిషి పొడవుకి మూర కలపాలి, కాళ్ళ కింద మడుచుకోవడానికి. పైకీ కిందికీ రెండు పొరలు కాబట్టి దానికి రెట్టింపు. లోపల కూరడానికి పాత చీరలు ఎవరింట్లోనైనా ఉంటాయి.

ఆ ఏడు ఊరంతా చలి పుట్టించే అంటుజ్వరాలు. చేపలమ్ముకునే మరిడమ్మ ముడులు వేసిన తాడొకటి తెచ్చి బల్ల మీద పెట్టింది.

“మా ఆయన కొలతండి. బొంతకి బట్ట కావాలి.”

“నిలబెట్టి కొలిచావా?”

“నిలబడలేడండి. పడుకున్నవాణ్ణే కొలిచాను.”

కనకలింగం చెయ్యి నా మీద బిగుసుకుంది. మా బజారులో పడుకున్న మనిషిని తాడుతో కొలిచేది ఒక్క బట్టకే. అది పాడె మీద కప్పే బట్ట.

“మూర కలపనా?” అన్నాడు మెల్లగా.

“వద్దండి. కాళ్ళు ముడుచుకునే పడుకుంటాడు.”

సరిగ్గా తాడంత కొలిచి, రెట్టింపు కోశాడు. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతూ మెట్లు దిగింది.

ఆ రోజే కనకలింగం తెల్లగుడ్డ తానొకటి దించి నా పక్కన పెట్టుకున్నాడు. మెట్ల మీద అడుగు చప్పుడైతే చాలు, ఇనుమునైనా నాకు దడ పుట్టేది.

ఒక పొద్దున ఆ బొంతే నడిచి వచ్చింది. కప్పుకున్నవాడు మరిడమ్మ మొగుడు పోలయ్య. చిక్కి సగమయ్యాడు గానీ తన కాళ్ళ మీదే నిలబడ్డాడు. కనకలింగం ముఖం విప్పారింది.

“ఆడమనిషికి ఎంత బట్ట పడుతుందండి?” అన్నాడు పోలయ్య. “పసుపుది కావాలి. నా జ్వరం దానికి అంటుకుంది. తెల్లారగట్ట పోయింది.”

మొగుడుండగా పోయిన ఇల్లాలికి తెల్లబట్ట కప్పరు. కనకలింగం ఆ తానుని అవతలికి నెట్టాడు.

“కొలత తెచ్చావా?”

“దాన్నెవరూ కొలవలేదండి. ఇంతుండేది.” పోలయ్య తన భుజం మీద చెయ్యి పెట్టి చూపించాడు.

బేరం లేదు. కనకలింగం కొలిచి, బట్ట చింపబోయాడు. పోలయ్య ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

“ఓ మూర కలపండి బాబూ. దానికి కాళ్ళకి చలెక్కువ.”