వెనక పేరు రాసిన కార్డు

అటక మీద రేకు డబ్బా కనిపించకపోయేసరికి లహరి ఎమ్మిగనూరు నుంచి తమ్ముడికి ఫోన్ చేసింది.

"నా క్రికెట్ కార్డుల డబ్బా యాడ పెట్టినావురా?"

తమ్ముడు మధు ఆదోనిలో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తాడు. "మార్చుకున్యానక్కా," అన్నాడు. మనీష్ అనే పత్తి వ్యాపారి కొడుకు పాత కార్డులు పోగేస్తాడట. డబ్బా అతనికిచ్చి, ఫోన్‌లో ఒక యాప్‌లో ఉండే డిజిటల్ కార్డులు తీసుకున్నాడట.

"అవి సినగవు, సెదలు పట్టవు. సిక్స్ కొట్టేది కూడా కదుల్తా కనపడతాది. నీ పేరు మీదనే పెట్టినా."

"ఏవీ, సూపించు."

"పోయిన నెల ఆ యాప్ మూసేసినారక్కా, కార్డులూ పోయినాయి."

లహరికి ఒళ్లు మండిపోయింది. బబుల్‌గమ్‌తో పాటు వచ్చే ఆ కార్డుల కోసం చిన్నప్పుడు ఇద్దరూ దవడలు నొప్పి పుట్టేదాకా బబుల్‌గమ్ నమిలారు. ఒక బౌలర్ కార్డు కోసం కొట్టుకుంటే అది రెండు ముక్కలైంది. మగ్గం దగ్గరున్న అమ్మ అంజనమ్మ లేచివచ్చి, పడుగుకు పెట్టే గంజితో దాన్ని అతికించింది. మళ్లీ గొడవ రాకుండా వెనకవైపు 'లహరి' అని రాసింది. రాత్రి బడిలో అప్పుడప్పుడే నేర్చుకున్న వంకర అక్షరాలు. అమ్మ పోయింది. ఆమె చేతిరాత ఆ కార్డు మీద తప్ప ఇంకెక్కడా లేదు.

లహరి అప్పటికప్పుడు బస్సెక్కి ఆదోని వెళ్లింది. మధును వెంటబెట్టుకుని మార్కెట్ యార్డు వెనకున్న మనీష్ ఇంటికి పోయింది. అతను ఆల్బమ్ తెచ్చి చూపించాడు. ఒక్కో కార్డుకూ ఒక్కో ప్లాస్టిక్ తొడుగు. అతికించిన కార్డు మాత్రం లేదు.

"అదా? చినిగింది, వెనక ఏదో గీకి ఉండె. అట్లాంటివాటికి విలువ ఉండదక్కా. పారేసినా."

"ఆ రాసింది మా అమ్మ."

"నాకేం తెలుసు?"

"మార్చుకునేటప్పుడే యాప్ మూస్తారని తెలుసా?"

మనీష్ చూపు తిప్పుకున్నాడు. "అందరికీ మెసేజ్ వచ్చింది. మీవాడు అది చదవకపోతే నేనేం జేసేది? కావాలంటే ఇందులో ఒక కార్డు తీసుకోండి."

"నావి నాకే దానమిస్తాండావా?" అని లహరి ఆల్బమ్‌ను బల్ల మీదికి విసిరేసి బయటికి వచ్చింది.

వీధిలో మధు వెంటపడ్డాడు. "మోసం జేసినాడక్కా వాడు."

"అమ్మ రాసిందని వానికి తెలీదు. నీకు తెలుసు గదరా! అమ్మ రాసేటప్పుడు నువ్వు పక్కనే కూసోని ఏడుస్తాంటివి!"

పత్తి బేళ్ల ఆటోవాడు బండి ఆపి మరీ చూశాడు. లహరి లెక్కచేయలేదు.

"ఇచ్చే ముందు అన్నిటికీ ఫోటోలు తీసినా, సూడు." మధు ఫోన్ అందించాడు. బౌలర్ ఉన్నాడు. నడుమ అతుకు గీత కూడా స్పష్టంగా ఉంది.

"ఎనక్కి తిప్పినావా?"

తిప్పలేదు. మధు ఫోన్ వెనక్కి తీసుకున్నాడు.

"ఇంటికి నడువు. నాయనకు నీ నోటితోనే సెప్పు."

ఎమ్మిగనూరు బస్సులో మధు వచ్చి పక్కన కూర్చోబోయాడు. లహరి లేచి ముందు సీట్లోకి వెళ్లిపోయింది.