సంతకం కోసం ఆగని వాన

పొద్దున ఏడున్నరకల్లా మూడు టిఫిన్ డబ్బాలకు మూతలు పడాలి. ఒకటి మా ఆయన దయాకర్‌ది, ఒకటి మా అమ్మాయిది, మిగిలిన కూరతో మూడోది నాది. అత్తమ్మకు పళ్లెంలో పెట్టి మూత వెయ్యాలి. ఆ రోజు నేను డబ్బా బిగిస్తుంటే, పక్కింట్లోకి కొత్తగా అద్దెకు దిగినాయన గేటు దగ్గర మా ఆయన్ని అడుగుతున్నాడు, మీ మేడం ఏం చేస్తారని. "యూనివర్సిటీల కంప్యూటర్ల కాడ ఉంటదన్న. టైపింగు అసొంటిది," అన్నాడాయన. అది అబద్ధమేమీ కాదు. నేను రోజుకు నలభై సార్లు ఒకే మాట టైపు చేసేదాన్ని.

ఆ మాట పాస్‌వర్డ్. 2010లో మా యూనివర్సిటీ పరిశోధకులందరికీ లాప్‌టాప్‌లు ఇచ్చింది. ఇచ్చిందన్నమాటే గాని వాటి మీద పెత్తనం మాత్రం మా కంప్యూటర్ సెంటర్‌ది. చిన్న సాఫ్ట్‌వేర్ ఎక్కించాలన్నా, ప్రింటర్ తగిలించాలన్నా అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడిగేది. దానికి ఒక ఫారం, ఫారం మీద గైడు సంతకం, ఆ పైన మా డైరెక్టర్ గంగాధరరావు గారి సంతకం. రెండూ ఉంటే అప్పుడు నేను, కాంట్రాక్టు అసిస్టెంటు స్వర్ణలత, ఆ లాప్‌టాప్ నా వైపు తిప్పుకుని ఆ మాట కొట్టాలి. వచ్చినవాళ్లు నన్ను చూసి కూడా, "సార్ ఎవరూ లేరా?" అని అడిగేవాళ్లు. నేను ఎంసీఏ చదివాను. ఆ సంగతి నా పెళ్లికార్డు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు.

సాలమ్మ మేడం మొదటిసారి వచ్చినప్పుడు వరుసలో అందరికంటే వెనక నిలబడింది. నలభై దాటిన మనిషి, ఉప్పల్‌లో సర్కారు బడి టీచరు, సెలవు పెట్టి జువాలజీలో పీహెచ్‌డీ చేస్తోంది. మా సెంటర్లో కుర్రాళ్లు ఆమెను కప్పల మేడం అనేవాళ్లు. ఆమె ఫారం మీద రెండు సంతకాలూ ఉన్నాయి. నేను పాస్‌వర్డ్ కొట్టి సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. "పని చేస్తుందో లేదో చూద్దాం మేడం," అంటే, ఆమె ఒక రికార్డింగు పెట్టింది. కప్ప అరుపు. అరుపుతో పాటే తెర మీద ఎడమ నుంచి కుడికి ఒక బొమ్మ గీసుకుంటూ పోయింది. కింద నల్లగా దట్టంగా, పైకి పోయేకొద్దీ పలచగా, మెట్లు మెట్లుగా. చీర అంచు నేస్తున్నట్టు ఉంది. మరో కప్ప అరుపు పెట్టింది. ఈసారి మెట్లు లేవు, చుక్కలు.

"గిది గోండ్రుకప్ప. గిది వేరే జాతి. చెవులకు ఒక్కతీరే ఇనబడతయి గని రాస్కుంటే వేరే వేరే," అంది ఆమె.

అప్పటికి ఆమె వెనక ఇంకో పన్నెండు మంది వచ్చి నిలబడ్డారు. నేను ఆ తెర మీంచి కళ్లు తిప్పుకోలేకపోయాను. ఆ అరుపులు నాచారం చెరువులోవట. ఆ చెరువు పక్కనుంచే పదేళ్లుగా బస్సులో పోతున్నాను, ఎప్పుడూ ముక్కు మూసుకునే పోయాను. అక్కడ ఇంత రాత ఉందని, ఎవరో ఒకామె మోకాలి లోతు నీళ్లలో నిలబడి దాన్ని చదువుకుంటోందని నాకు తెలియదు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అంట్లు తోముతూ, కుళాయి చప్పుడుకు ఎలాంటి బొమ్మ వస్తుందోనని చాలాసేపు ఆలోచించాను. "నల్లా బంద్ జెయ్. నీళ్లన్ని పాయె," అని అత్తమ్మ కేకేస్తే గాని ఈ లోకంలోకి రాలేదు.

2011 జూన్‌లో ఒక శనివారం మధ్యాహ్నం పెద్ద వాన పడింది. ఆ ఏటికి అదే మొదటిది. మూడు గంటలకు సాలమ్మ మేడం తడిసి ముద్దయి వచ్చింది. లాప్‌టాప్‌ని మాత్రం రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి చంకలో పెట్టుకుంది. నీళ్ల అంచున పెట్టే కొత్త మైకు ఆమెకు ఆ రోజే అందింది. దాన్ని తగిలిస్తే లాప్‌టాప్ పాస్‌వర్డ్ అడుగుతోంది. ఫారం మీద గైడు సంతకం ఉంది. గంగాధరరావు గారు ఏదో పెళ్లికి వెళ్లిపోయారు.

"గోండ్రుకప్పలు మొదటి పెద్ద వానకే బయటికొస్తయి చెల్లె. రెండు దినాలు, మస్తంటె మూడు. మల్ల దొరకయి," అంది.

నేను డైరెక్టర్‌కి ఫోన్ చేశాను. అవతల బాజాల మోత. "రూల్ అంటే రూలే కదమ్మా. సోమవారం చూద్దాం," అన్నారు. సెంటర్లో నేనూ ఆమే ఉన్నాం. పాస్‌వర్డ్ నా వేళ్ల కొసన ఉంది. తొమ్మిది అక్షరాలు, నాలుగు సెకన్ల పని. కాంట్రాక్టు రెన్యువల్ ఆ నెలలోనే. నేను ఆమె ముఖం చూడకుండా, "సోమవారం రండి మేడం," అన్నాను. సోమవారం ఆయన సెలవు పెట్టారు. మంగళవారం సంతకం అయ్యేసరికి చెరువులో చప్పుడు లేదు.

ఆమె నన్ను తిడితే బాగుండేది. "వచ్చే యేడు మల్ల ఒర్లుతయి తియ్," అంది. లాప్‌టాప్ మళ్లీ కవర్లలో చుట్టుకుని మెట్లు దిగిపోయింది. ఆమె పీహెచ్‌డీ ఒక ఏడాది వెనక్కి పోయింది. నేను భయపడ్డ నాలుగు సెకన్లకు ఆమె ఏడాది కట్టింది.

ఆ సెప్టెంబర్‌లో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సుల్లేవు, ఆఫీసుల్లేవు. అందరూ ఇంట్లోనే ఉంటే వంటింటికి మాత్రం సమ్మె ఉండదు. రెండు పూటల వంటకు మధ్య, గట్టు మీద నోట్‌బుక్ పెట్టుకుని రాయడం మొదలుపెట్టాను. పరిశోధకులకు వాళ్ల లాప్‌టాప్ మీద హక్కు వాళ్లకే ఇవ్వొచ్చు. అందరికీ ఒకేలా అక్కర్లేదు. కావాలన్నవాళ్లకు, కావాల్సినన్నాళ్లు. గడువు అయ్యాక అవసరముంటే పొడిగించొచ్చు. ఏం ఎక్కించారో మా దగ్గర జాబితా ఉంటుంది. చెడిపోతే మొదట్లో ఎలా ఉందో అలా చేసివ్వడానికి నకలు ఉంటుంది. తీసుకునే ముందు రెండు పూటలు శిక్షణ. "కట్టెల పొయ్యి మీద కూడ గింత సేపు వండలే మేము. ఏం రాస్తున్నవ్ గంతగనం?" అనేది అత్తమ్మ. నాలుగో పేజీలో నా కలం ఆగింది. ఇది అమలైతే నలభై సార్లు ఆ మాట కొట్టే మనిషితో సెంటర్‌కి పనేముంది? పప్పు మూడు విజిల్స్ వేసేదాకా ఆ పేజీనే చూస్తూ కూర్చున్నాను. తర్వాత కుక్కరు దించి, అయిదో పేజీ మొదలుపెట్టాను.

సమ్మె అయ్యాక ఆ కాగితాలు ఇస్తే గంగాధరరావు గారు అంతా చదివారు. అద్దాలు తీసి, "బాగుందమ్మా. మీ ఆయన రాసిచ్చారా?" అన్నారు.

"నేనే రాసిన సార్."

"అహా," అన్నారు ఆయన, నమ్మినట్టూ కాదు, నమ్మనట్టూ కాదు.

ఫిబ్రవరిలో కమిటీ ముందు ఆయనే మాట్లాడారు. ప్రొజెక్టర్ చూసుకోవడానికి నన్ను తలుపు పక్కన కూర్చోబెట్టారు. లెక్కల ప్రొఫెసర్ ఒకరు, "స్కాలర్లు మెషిన్లు పాడుచేస్తే?" అని అడిగారు. గంగాధరరావు గారు నా కాగితాలు అటూ ఇటూ తిప్పారు. నేను లేచి నిలబడటం నాకే తెలియలేదు.

"గంటన్నరలో మొదట్ల ఉన్నట్టే చేసియ్యొచ్చు సార్. పోయిన యేడు పదకొండు పాడైనయి. ఆ పదకొండిట్లో సాఫ్ట్‌వేర్ ఎక్కించింది మేమే."

ఎవరో నవ్వారు. లెక్కల ప్రొఫెసర్ నవ్వలేదు. నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూసి, "మీరు కూర్చుని చెప్పండి," అన్నారు. నలభై నిమిషాలు చెప్పాను. ఇన్నేళ్లూ ఈ గొంతు ఎక్కడుందా అని చెబుతూనే ఆశ్చర్యపోయాను.

సర్క్యులర్ గంగాధరరావు గారి సంతకంతో వచ్చింది. మొదటి నెలలోనే నూట నలభై మంది హక్కులు తీసుకున్నారు. మూడు యంత్రాలు చెడాయి, మూడూ బాగుచేశాను. ఒకమ్మాయి పాత తాళపత్రాల ఫోటోలు చదివే సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుంది. నల్గొండ కుర్రాడొకడు ఊరి బావుల మ్యాపు గీశాడు. అడగడానికి ఇంతమందికి ఇన్ని ఉన్నాయా అనిపించింది. ఫారం, రెండు సంతకాలు అనేసరికి వీటిలో ఎన్ని నోటి వరకూ రాకుండానే పోయాయో. మా వరండాలో వరుస మాయమైంది. మే నెలాఖరుకి నా కాంట్రాక్టు కూడా.

"మీరు రాసిందే కదమ్మా. ఇంక ఆ పని లేదు," అన్నారు గంగాధరరావు గారు. ఆయన ముఖంలో కొంచెం ఇబ్బంది కనిపించింది.

"మంది కోసం నీ కుర్చీ ఇచ్చినవ్. వాళ్లేమిచ్చిన్రు నీకు?" అన్నాడు దయాకర్. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగాడు. "పోనీ తియ్, ఇంట్లనన్న సక్కగుంటది," అంది అత్తమ్మ. నేను నా డబ్బా కడిగి అటక మీద పెట్టాను.

జూన్ రెండో వారంలో, మధ్యాహ్నం నుంచి అయిదింటిదాకా వాన కురిసింది. ఆగీ ఆగగానే ఫోన్ మోగింది. "చెల్లె, చెరువు కాడికి రా," అంది సాలమ్మ మేడం. బియ్యం కడిగి పెట్టినవి పెట్టినట్టే వదిలి, అత్తమ్మకు చెప్పి, గొడుగు తీసుకుని నడిచాను. వాడల నీళ్లన్నీ చెరువు వైపే పోతున్నాయి. చెరువు కనపడక ముందే వినపడింది. ఒక చప్పుడు కాదు అది. నేల లోపల నుంచి ఎవరో పెద్ద డోళ్లు వాయిస్తున్నట్టు, దానికి వంద గొంతులు వంత పాడుతున్నట్టు.

గట్టు మీద ప్లాస్టిక్ పట్టా కింద లాప్‌టాప్ ఉంది. ఆమె మైకు తగిలించింది. తెర మీద ఆ పాత ప్రశ్నే వచ్చింది, అనుమతిస్తారా అని. అలవాటు కొద్దీ నా చెయ్యి ముందుకు పోయింది. ఆమె అప్పటికే తన పాస్‌వర్డ్ కొట్టేసింది. నా చెయ్యి గాలిలో ఉండిపోయింది. ఆమె నవ్వి, "అటు సూడు," అంది.

చూశాను. నీళ్ల అంచు నిండా పసుపు. పసుపు ముద్దలు జల్లినట్టు, నిమ్మపండు రంగు కప్పలు. గొంతు ఉబ్బినప్పుడల్లా దవడల కింద రెండు వైపులా నీలం బుడగలు. మా ఇంటికి పావుగంట దూరంలో, ఫ్యాక్టరీల గోడల వెనక, ఇలాంటి రంగులు ప్రతి ఏడూ వచ్చి పోతున్నాయి. నేను ప్రతి ఏడూ ఆ సాయంత్రం వంట చేస్తూ ఉన్నాను.

"ఒర్లేటియన్ని మొగయే. ఆడియి మట్టిరంగుల ఉంటయి, సప్పుడు జెయ్యయి. ఇంటయి. ఇన్నంక యాడికి పోవాల్నో అయ్యే సూస్కొని పోతయి," అంది ఆమె.

చాలాసేపు వెతికితే ఒకటి కనిపించింది. గడ్డి మొదట్లో, కదలకుండా, పెద్దది. అన్ని డోళ్ల మధ్య అది కూర్చుని వింటోంది. నేను దాన్నే చూస్తున్నాను. తెర మీద నల్లటి మెట్లు ఒకదాని మీద ఒకటి పడి చిక్కులు పడుతున్నాయి.

"గీ చిక్కే నా తోని విడుతలేదు," అంది సాలమ్మ మేడం. "ఏ అరుపు ఏ కప్పదో ఏరేటి ప్రోగ్రాం రాయాలె. మా గైడు ప్రాజెక్టుల ఒక పోస్టుంది, రెండేండ్లది. ఇంటర్వ్యూ పెడతరు. నీకొస్తదని నేను జెప్పలేను. గని గా కమిటీల నువ్వు మాట్లాడింది మా గైడు ఇన్నది."

నేను ఆమె పక్కన తడి గట్టు మీద కూర్చున్నాను. లాప్‌టాప్ ఒళ్లోకి తీసుకున్నాను. రెండు అరుపులు కలిసిన చోటును పెద్దది చేసి చూశాను. ఒకదాని మెట్ల మధ్య దూరం వేరు, రెండోదాని మధ్య వేరు. కొలవొచ్చు. అయితే కొలత ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫోన్ మోగింది. దయాకర్.

"ఏడున్నవ్? బియ్యం కడిగినయి కడిగినట్టే ఉన్నయట. గీ వానల చెరువు కాడ ఏం చేస్తున్నవ్?"

నాకు జీతం లేదు, ఐడీ కార్డు లేదు, ఆ పోస్టు ఇంకా ఎవరిదో తెలియదు.

"డ్యూటీల ఉన్న," అన్నాను. "అయినంక వస్త."