ఎవరి పెట్టెలో ఉందో చెప్పను

అంబులెన్సులు బాగుచేసే ఆ షెడ్డులో ఎవర్నైనా ఏదైనా అడగొచ్చు గానీ, "నీ దగ్గర స్పేర్ ఉందా" అని మాత్రం అడగకూడదు. అడిగితే ఎవరి దగ్గరా ఏమీ ఉండదు. స్టోరులో అరలు బోసిపోయి ఉంటాయి, మెకానిక్కుల పనిముట్ల పెట్టెలు మాత్రం ఇద్దరు పట్టినా లేవవు. అవసరానికి స్టోరు చేతులెత్తేస్తుందని ఎవరికి వారు సామాను గుడ్డలో చుట్టి దాచుకోవడం అక్కడి పాత అలవాటు. అలా దాచుకోబట్టే స్టోరు చేతులెత్తేస్తోందంటే ఒక్కరూ ఒప్పుకోరు.

ఇప్పుడు ఆ స్టోరు డిగ్రీ చేసి కొత్తగా చేరిన ఓ అమ్మాయి చేతిలో ఉంది. ఏ బండికి ఎప్పుడు ఏ భాగం మార్చాల్సి వస్తుందో ముందే చూసుకుని తెప్పించడం ఆమె ఉద్యోగం. అక్కడి హెడ్ మెకానిక్ ఆమెకు స్వయానా మేనమామ.

ఆ పొద్దున్న హెడ్డాఫీసు నుంచి ఫోనొచ్చింది. డీజిల్ పంపు పోయి మూలన పడ్డ పాత అంబులెన్సును మధ్యాహ్నం క్రేన్‌తో పట్టుకుపోతారట. విప్పేసి, భాగాలు మిగతా షెడ్లకు పంచుతారట. పంపు ఒక్కటి పంపిస్తే రోడ్డెక్కిస్తానని ఆమె అంటే, "మీ షెడ్డుకిచ్చినన్ని పంపులు ఇంకెవరికీ ఇవ్వలేదమ్మా. తింటున్నారా ఏంటి?" అని నవ్వి పెట్టేశారు.

ఏటి అవతలి ఊళ్లకు వెళ్లే బండి అదొక్కటే. అది పోతే అక్కడివాళ్లకు ఇక నలుగురు మోసే మంచమే అంబులెన్సు.

ఆమె తిన్నగా మేనమామ దగ్గరికి నడిచింది. ఆయన ఓ బానెట్ కింద తల దూర్చి ఉన్నాడు.

"మావయ్యా, నీ పెట్టెలో ఉన్న పంపు కావాలి."

"నా పెట్టెలో పంపుందని ఎవరు చెప్పారు?" తల బయటికి రాలేదు.

"ఇచ్చింది నేనే. కొండ దారి బండికని తీసుకున్నావు. దానికింకా పాతదే తిరుగుతోంది."

అప్పుడొచ్చింది తల బయటికి. "అది కొండెక్కే బండే. సగం దారిలో ఆగిందనుకో, లోపలున్న మనిషి గతేంటి? అప్పుడు నీ స్టోరు కిటికీ దగ్గరికొచ్చి నిలబడితే, రాసి పంపించాం, వస్తుంది అంటావు. నీకు ముందున్నాయనదీ అదే పాట."

"ఎప్పుడో ఆగుతుందేమోనన్న బండి కోసం ఇవాళ ఆగిన బండిని కోయించేస్తావా?"

"నట్టుకీ బోల్టుకీ తేడా నేర్పింది నేనే నీకు. డిగ్రీతో పాటు నోరు కూడా వచ్చిందన్నమాట."

"నోరు డిగ్రీది కాదు, అమ్మది. నీ అక్కేగా, నీకు తెలీదా?"

పక్కనే వైర్లు కలుపుతున్న ఎలక్ట్రీషియన్ కిసుక్కున నవ్వాడు. "నువ్వు నవ్వకు బాబాయ్, నీ పెట్టె సంగతీ తెలుసు" అందామె. అతను గబగబా వైర్ల మీదికి వంగాడు. మేనమామ మళ్లీ బానెట్ కింద దూరాడు.

మధ్యాహ్నం క్రేన్ రానే వచ్చింది. వెనకాలే జీపులోంచి హెడ్డాఫీసు ఆఫీసరు, చెమటకు వీపుకంటుకుపోయిన చొక్కాతో దిగాడు. అప్పటికే ఆమె పాత అంబులెన్సు ఎక్కి డ్రైవరు సీట్లో కూర్చుని తలుపేసుకుంది.

"దిగమ్మా. కొక్కెం వెయ్యాలి."

"దిగను సార్. వేసుకుంటే నాతో సహా లేపుకెళ్లండి."

"స్పేర్ లేని బండితో ఏం చేస్తావు? బొమ్మల కొలువు పెడతావా?"

"స్పేరుంది సార్. ఈ కప్పు కిందే ఉంది."

షెడ్డులో సుత్తి చప్పుళ్లు ఆగిపోయాయి.

"ఎక్కడుంది?"

"ఎవరి పెట్టెలో ఉందో చెప్పను."

ఆఫీసరు కిటికీ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "చెప్పు. తాళాలు పగలగొట్టించి తీయిస్తా, బండి నీకొదిలేస్తా. చెప్పకపోతే బండీ పోతుంది, మాట వినలేదని నీ మీద రిపోర్టూ వెళ్తుంది."

ఒక్క మాటతో తేలిపోయే పని. మేనమామ పెట్టె ఆమెకు అద్దంలోంచి కనిపిస్తూనే ఉంది. దాని ముందు ఆయన స్పానర్ పట్టుకుని బిగుసుకుపోయి నిలబడ్డాడు.

"ఇవాళ పెట్టెలు పగలగొడితే రేపట్నుంచి ఇళ్లలో దాచుకుంటారు సార్. అప్పుడు నేను ఇంటింటికీ తిరిగి వెతుక్కోవాలి. అడిగినప్పుడు స్టోరు ఇవ్వదని వీళ్ల భయం. ఆ భయం తీర్చాల్సింది నేను, మీ సుత్తి కాదు. రిపోర్టు రాసుకోండి. చెప్పను, దిగను."



మేనమామ చేతులు తుడుచుకున్నాడు. అందరూ చూస్తుండగానే పెట్టె తాళం తీసి, గుడ్డమూటతో బండి దగ్గరికొచ్చాడు. దిగబోయిన ఆమెను కసిరాడు.

"దిగకు. నేను చెప్పినప్పుడు తాళం తిప్పు." ఆగి, గొణిగాడు. "కొండ బండి ఆగితే?"

"ఆగేలోపు ఇంకోటి తెప్పిస్తా."

"తెప్పించకపోతే?"

"నా కాళ్లు విరగ్గొట్టు."

"మీ అమ్మ నా కాళ్లు విరగ్గొడుతుంది" అంటూ బానెట్ ఎత్తాడు.

ఎలక్ట్రీషియన్ ఎవరూ అడక్కుండానే రెండు కొత్త ఫిల్టర్లు తెచ్చి పక్కన పెట్టాడు. "ఇవి నా పెట్టెలోకెలా వచ్చాయో నాకే అర్థం కావట్లా" అన్నాడు గంభీరంగా.

పంపు బిగించాక డీజిల్ గొట్టంలో గాలి తీయడానికి చాలాసేపు పట్టింది. బుడగలు తగ్గి డీజిల్ ధారగా రాగానే మేనమామ చెయ్యూపాడు. ఆమె తాళం తిప్పింది. ఇంజను దగ్గి ఆగిపోయింది. మళ్లీ తిప్పింది. నల్లగా పొగ కక్కి, షెడ్డంతా అదిరేలా అందుకుంది.

ఆఫీసరు ముఖం తుడుచుకున్నాడు. "క్రేన్ ఖాళీగా వెళ్తే నన్నడుగుతారమ్మా. ఆర్డరుంది."

"ఆర్డరు ఆగిన బండికి సార్. ఇది నడుస్తోంది."

ఇంజను మోత మించేలా మేనమామ కేకేశాడు. "సార్, మీ క్రేన్ గేటుకడ్డంగా ఉంది. పక్కకి తీయించండి, మా బండి ఏరు దాటాలి."