కిటికీ ముందు కట్టిన ఆపిల్

షుమాదియా కొండల నడుమ ఒక పల్లెలో శనివారం పొద్దున్నే నెవెన పెళ్లి సందడి మొదలైంది. వంటింట్లో పులిసిన క్యాబేజీ, మాంసం కలిసి కుతకుతలాడుతున్నాయి. గుమ్మం దగ్గర ఆడవాళ్లు వచ్చినవాళ్ల గుండెల మీద రోజ్‌మేరీ రెమ్మలు గుచ్చుతున్నారు. ఇంతమందిలోనూ ఫొటోగ్రాఫర్ స్లావిత్సా ఉన్నట్టే ఎవరికీ తెలియడం లేదు.

ఆమె పెళ్లి ఫొటోలు తీసే తీరే అది. ఇటు చూడండి, నవ్వండి అని ఎవరినీ అడగదు. కుర్చీ జరపదు, తెర సర్దదు. జరిగేదాన్ని జరగనిచ్చి పట్టుకోవడమే తన పని అంటుంది. ఏడ్చేవాళ్లు నిజంగా ఏడుస్తున్నప్పుడు, నవ్వేవాళ్లు నిజంగా నవ్వుతున్నప్పుడు తీసిన ఆ ఫొటోల కోసమే జనం ఆమెను వెతుక్కుంటూ వస్తారు. మంచి పద్ధతే, కాదనం. కానీ ఎంత మంచి పద్ధతైనా గుడ్డిగా పట్టుకుంటే ఏమవుతుందో చూడండి.

మేడ మీద గదిలో పెళ్లికూతురి నాన్నమ్మ పెర్సిద ఉంది. కాళ్లలో సత్తువ పోయాక ఆమె కిందికి దిగింది లేదు.

"నాన్నమ్మా, తుపాకీ మోత అయిపోయేదాకా మంచం దిగకు. కిటికీ జోలికి అసలు పోకు. నేనే పైకొచ్చి కనబడి వెళ్తాగా" అంది నెవెన.

"సరేలే తల్లీ" అంది ముసలామె బుద్ధిగా.

మనవరాలు అటు వెళ్లిందో లేదో, ఆమె మంచం దిగింది. కుర్చీ వీపు పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ, దాన్ని కిటికీ వైపు ఈడ్చడం మొదలుపెట్టింది. తలుపు వార నుంచి స్లావిత్సా కెమెరా క్లిక్‌మంది.

"ఏమే, దొంగపిల్లా! ఎవరికీ చెప్పకు. మనవరాలు గడప దాటడం చూడకుండా చావమంటావా?"

స్లావిత్సా నవ్వి, పెదవుల మీద వేలు పెట్టుకుంది. ఎంత చక్కటి ఫొటో దొరికిందీ అనుకుంటూ మెట్లు దిగింది.

అంతలో బూరాలు మోగాయి. పెళ్లికొడుకు రాదోష్ బలగం వచ్చేసింది. అక్కడి ఆచారం ప్రకారం, పెళ్లికూతురి ఇంటి దగ్గర ఎత్తున కట్టిన ఆపిల్‌ని పెళ్లికొడుకు తుపాకీతో కొట్టి పడగొట్టాలి. అది పడితేగాని తలుపు తియ్యరు. ఎప్పుడూ పెరటి చెట్టుకు కట్టేవారు. ఈసారి నెవెన అన్నలు, ఊళ్లో ఎవరూ కట్టనంత ఎత్తున కట్టాలన్న పంతంతో ఆపిల్ ఉన్న గడకర్రను మేడ చూరుకే బిగించారు. కిటికీ రెక్కలు మూసే ఉన్నాయి, మామ్మ మంచం ఆ మూలెక్కడో ఉంది, ఏమవుతుందిలే అనుకున్నారు.

మొదటి గుండు ఆకాశంలోకి పోయింది. రెండోది పెంకులకు తగిలి రెండు పెంకులు కిందపడ్డాయి. జనం గొల్లున నవ్వారు.

"ఒరే రాదోష్, రకియా తాగడం తగ్గించరా! నీకు రెండు ఆపిల్స్ కనబడుతున్నట్టున్నాయి!"

"పరువు తియ్యకురా అల్లుడూ" అన్నాడు అతని మేనమామ తిహోమిర్, మీసం దువ్వుతూ. "మన ఇంట్లో మూడో గుండుకి పడగొట్టనివాడు లేడు."

రాదోష్ మొహం కందిపోయింది. మళ్లీ తుపాకీ ఎత్తాడు.

ఆపిల్ పగిలే క్షణం కోసం స్లావిత్సా పెద్ద లెన్సు గురిపెట్టింది. ఆపిల్ వెనకాల కిటికీ రెక్క మెల్లగా తెరుచుకుంది. తెల్లటి తలగుడ్డ కనబడింది.

ముసలామె కుర్చీ ఎటు ఈడ్చిందో, అది ఏ కిటికీయో స్లావిత్సాకి అప్పుడు తెలిసొచ్చింది. ఆపమని అరిచింది. బూరాల హోరులో ఆ అరుపు ఆమెకే వినబడలేదు. కాళ్లు కదలనన్నాయి. ఏ పెళ్లిలోనూ అడ్డంపడని కాళ్లవి. చివరికి కెమెరాను వదిలేసి, జనాన్ని తోసుకుంటూ పరుగెత్తింది.

"ఆపరా! కిటికీలో మామ్మ ఉంది!"

ఆమె చెయ్యి తుపాకీ గొట్టాన్ని తాకడం, గుండు పేలడం ఒకేసారి జరిగాయి. కిటికీ అద్దం భళ్లున పగిలింది. తెల్లటి తలగుడ్డ కనబడలేదు.

బూరాలు ఆగిపోయాయి. ఇంట్లోంచి నెవెన కేక వినబడింది. అందరూ మేడ మీదికి పరుగెత్తారు. స్లావిత్సా మాత్రం మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కింది. నేనే చంపాను, చూసి ఊరుకుని నేనే చంపాను అనుకుంది. ఆ గది తలుపు చూడాలంటే ఆమెకు ప్రాణం పోయినంత పనైంది.

పెర్సిద నేల మీద ఉంది. పక్కన కుర్చీ బోర్లాపడి ఉంది. తలగుడ్డ నిండా గాజుపెంకులు. చెవులు మూసుకుని గడగడ వణుకుతోంది. బతికే ఉంది. గుండు పైకప్పు దూలంలో దిగబడింది.

నెవెన ఆమెను వాటేసుకుని బావురుమంది. రాదోష్ గడప మీదే కూలబడిపోయాడు.

"దేవుడి దయ, ఎవరికీ ఏం కాలేదు" అన్నాడు తిహోమిర్ చెమట తుడుచుకుంటూ. "పెద్దావిడని ఇవతలి గదిలోకి మార్చండి. ఆచారం సగంలో ఆపకూడదు. ఇంకొక్క గుండు..."

ముసలామె తల ఎత్తింది.

"ఏం కాలేదా, తిహోమిర్? నా పెళ్లిలో గుండు బూరా ఊదేవాడి చెవి తెంపుకుపోయింది. అప్పుడూ ఏం కాలేదనే అన్నారు. ఎవడో ఒకడు చచ్చేదాకా ఏం కాలేదనే అంటారయ్యా మీరు! పెంకులు రాలితే నవ్వారు. నా తల రాలితే ఏం చేసేవారు?"

ఆమె స్లావిత్సా వైపు తిరిగింది.

"చెప్పొద్దన్నది నేనే, నాదీ తప్పే. కానీ తల్లీ, కళ్లతో చూసి కూడా నోరు విప్పకపోతే ఆ చూపెందుకే?"

"తప్పైపోయింది మామ్మా" అంది స్లావిత్సా.

"నిచ్చెన తెండి" అంది పెర్సిద.

రాదోష్ నిచ్చెన ఎక్కాడు. తుపాకీ పట్టిన ఆ చేతులతోనే ఆపిల్‌ని తెంపాడు. ఆ పెళ్లి మొత్తంలో తియ్యాల్సిన ఫొటో అదే. అది స్లావిత్సా తియ్యలేదు. ఆమె రెండు చేతులూ నిచ్చెనను గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

పగిలిన కిటికీలోంచి రాదోష్ ఆపిల్‌ని, లేపి కుర్చీలో కూర్చోబెట్టిన ముసలామె ఒళ్లో పెట్టాడు. ఆమె దాన్ని చీలికలు చేసి, మొదటి ముక్క అతనికే ఇచ్చి అంది:

"మనిషి ప్రాణం కంటే ఎత్తున కట్టిన ఆచారం ఏదైనా సరే, ఇలా చేత్తో కిందికి దించెయ్యాలిరా నాయనా."