తేనెపిట్టకు నీలం తెర

పరీక్ష ఫారం కోసం ఫోటో దిగిన అమ్మాయి చెవి పక్కన గోడ పగులు కనిపిస్తోంది. ఫజిలత్ దాన్ని కంప్యూటరులో కొద్దికొద్దిగా చెరిపేస్తోంది గానీ ఆమె ధ్యాసంతా పెరటివైపే ఉంది. పెరట్లో తేనెపిట్ట పిల్లలు రెండూ ఎడతెగకుండా కీచుమంటున్నాయి. తల్లి ఇంకా మేత పెట్టలేదన్నమాట.

ప్రింటు నొక్కి వంటింట్లోకి వెళ్ళింది. కిటికీ చువ్వల మధ్య నుంచి ముక్కు బయటపెట్టి కెమెరా స్టాండు మీద నిలబడి ఉంది. కన్ను ఆనించి చూసింది. బట్టలారేసే తీగకు వేలాడుతున్న గూడు, పైన చిన్న చూరు దింపుకున్న గుండ్రటి వాకిలి, అందులో తెరిచిన రెండు నోళ్ళు, వెనకాల మడతన్నది లేని నీలం. తల్లి ఒక్కసారి వచ్చి ఆ వాకిట్లో వాలితే చాలు.

ఆ నీలం స్టూడియోలో పాస్‌పోర్ట్ ఫోటోలకు వెనక కట్టే గుడ్డ. పొద్దున్నే ఇస్త్రీ చేసి, గూటికి మూరెడు వెనగ్గా రెండు వెదురు కర్రలు పాతి, వాటికి క్లిప్పులతో బిగించింది.

ములకలపల్లిలో ఈ స్టూడియో పెట్టి ఇరవై ఆరేళ్ళు. బోర్డు మీద పేరు మున్వర్‌ది. పెళ్ళిళ్ళకూ సభలకూ అతను వెళతాడు. కొట్లో కూర్చుని ఫోటోలు తీసేదీ, దిద్దేదీ, కత్తిరించి కవర్లో పెట్టి ఇచ్చేదీ భార్య ఫజిలత్. కవరు మీద ముద్ర మాత్రం ‘మున్వర్’ అనే పడుతుంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళను ఆమె తాను చెరిపేసిన మచ్చలను బట్టి గుర్తుపడుతుంది. ఫోటోలో మనిషి వెనక ఏ అడ్డదిడ్డం కనిపించినా ఆమెకు ఒళ్ళు మండుతుంది. కూతురు షబ్రీన్ నిఖాలో సైతం, ఖాజీ వెనకున్న నీళ్ళ డ్రమ్మును జరిపించేదాకా ఎవరినీ ఫోటో తీయనివ్వలేదు.

కొత్తగూడెంలో పక్షుల, జంతువుల ఫోటోల ప్రదర్శన పెడుతున్నారని ఆ షబ్రీనే ఫోన్ చేసి చెప్పింది. అడవికే పోనక్కర్లేదు, ఇంటి దగ్గర తీసినవీ పంపొచ్చు. ఫోటో కింద తీసినవాళ్ళ పేరు వేస్తారు. కంప్యూటరులో ఏదీ మార్చకూడదు. ఇవాళ సాయంత్రం ఐదింటితో గడువు.

గూడు కట్టడం మొదలైన నాటి నుంచి ఆమె తీసినవి రెండు వందలు దాటాయి. అన్నింట్లోనూ వెనక స్నానాల గది తుప్పురేకో, పక్కింటి లుంగీయో పడింది. అందుకే ఈ గుడ్డ.

"పిట్టకు గూడ పాస్‌పోర్ట్ సైజేనా?" అన్నాడు పొద్దున మున్వర్, దమ్మపేటలో పెళ్ళికి బండి తీస్తూ. "చెవులు రెండూ కనబడాలని చెప్పు దానికి."

"మీరు జల్దీ పోండి. ఆడ తలంబ్రాలు అయిపోతయి."

తల్లి వచ్చింది. ముక్కున సాలీడు. తీగ మీద వాలి, నీలంవైపు మెడ అటూ ఇటూ తిప్పి, తోక ఝాడించి, దానిమ్మ చెట్టు మీదికి తుర్రుమంది. పొద్దుటి నుంచి అలా రావడం, పోవడం అది ఐదోసారి. అలవాటు పడుతుందిలే అనుకుంది ఫజిలత్. మనుషులు మాత్రం? స్టూలు మీద కూర్చోగానే బిగుసుకుపోతారు, కాసేపటికి భుజాలు దించుతారు. ఆ కాసేపూ ఓపిక పట్టడమే కదా తన పని.

కొట్లో ఎవరో దగ్గారు. జంపక్క. అడవి అంచు గూడెం నుంచి దవాఖానా కార్డు ఫోటో కోసం వచ్చింది. తలకు నూనె పట్టించి, పాపిట తీసి, స్టూలెక్కి కూర్చుంది. వెనక్కి తిరిగి చూసింది.

"నీలం గుడ్డ ఏదమ్మా? మా ఆయనకు కట్టినవు గదా?"

"ఉతికిన. ఆరాలె."

"ఉత్త గోడకు ఆనిచ్చి తీస్తవా? పోలీసోళ్ళు తీసినట్టుంటది."

"నీలం నేను కంప్యూటరుల ఏస్తలే."

"గట్లయితే మొఖం మీది ముడతలు గూడ తియ్యి. పనిల పని."

"గడ్డం దించు. కదలకు."

"కదలకుంటే నాకు ఊపిరాడదమ్మా."

మూడుసార్లు నొక్కింది. మూడింటిలోనూ జంపక్క నవ్వుతోంది. నాలుగోది తీయబోతుంటే పెరట్లోంచి కీచుమన్న చప్పుడుకు జంపక్క తల తిప్పింది.

"ఏందది, పిట్ట పిల్లలా?"

"అవ్."

"ఆకలి మీదున్నయి. తల్లి లేదా?"

"ఉన్నది. వస్తది."

ఫోటోలకు రేపొస్తానని జంపక్క ఆటోకు పరుగెత్తింది. ఫజిలత్ వంటింటికి వచ్చింది, మళ్ళీ కొట్లోకి వెళ్ళింది, రెండు ఆధార్ జిరాక్సులు తీసి ఇచ్చి మళ్ళీ వచ్చింది. అన్నం కుక్కరు కూతలు లెక్కపెట్టడం మరిచిపోయింది. మధ్యాహ్నానికి గానీ తెలియలేదు, పిల్లలు అరవడం మానేశాయని.

కెమెరాకు కన్ను ఆనించింది. ఒక పిల్ల వాకిట్లోకి వచ్చి గడప మీద గడ్డం ఆనించింది. కళ్ళు సగం మూసుకుంది. ఎండ దాని ముక్కు మీద పడి మెరుస్తోంది. వెనక ఎక్కడా మచ్చలేని నీలం. ఆమె నొక్కింది. ఇరవై ఆరేళ్ళలో ఇంత చక్కటి ఫోటో తీయలేదనిపించింది.

ఇక తల్లి కూడా పడితే. ఒక్కటంటే ఒక్కటి.

తల్లి తీగ మీదికి వచ్చింది. ఈసారి ముక్కున పచ్చపురుగు. అడుగు ముందుకు వేసింది, వెనక్కి వేసింది. ఫజిలత్ వేలు మీట మీదే ఉంది. తల్లి నీలంవైపు చూసింది, పిల్లవైపు చూసింది. తెచ్చిన పురుగును తనే మింగేసి ఎగిరిపోయింది.

ఫజిలత్ చెప్పులు కూడా వేసుకోకుండా పెరట్లోకి పరుగెత్తింది. గుడ్డకున్న ఒక క్లిప్పు ఊడింది, రెండోది రాలేదు. గట్టిగా లాగితే వెదురు కర్ర ఒరిగి తీగకు తగిలింది. గూడు ఊగింది. ఇంకో రెండు రోజులు గూట్లోనే ఉండాల్సిన పిల్లలు రెండూ ఒకదాని వెంట ఒకటి బయటికి దూకాయి.

ఒకటి ఎగిరీ ఎగరనట్టు ఎగిరి దానిమ్మ కొమ్మను పట్టుకుంది. తల్లి ఎక్కడి నుంచో వచ్చి దాని ముందు వాలి పిలిచింది. కొమ్మ నుంచి కొమ్మకు, కొమ్మ నుంచి గోడకు, గోడ దాటి అవతలికి తీసుకుపోయింది. గడప మీద గడ్డం ఆనించినది మాత్రం బట్టలుతికే బండ మీద పడింది. ఫజిలత్ దాన్ని అరచేతిలోకి తీసుకుని నీడకు వెళ్ళింది. బరువే తెలియలేదు. దాని గుండె ఆమె చర్మానికి కాసేపు తెలిసింది. తరువాత తెలియలేదు.

నాలుగున్నరకు షబ్రీన్ ఫోన్ చేసింది.

"అమ్మీ, పంపినవా?"

"పంపలే."

"అయ్యో. మంచిగ రాలేదా?"

"మంచిగనే వచ్చింది."

అవతల షబ్రీన్ ఇంకేదో అడుగుతుండగానే, కొట్లోకి ఎవరో వచ్చారని చెప్పి ఫోన్ పెట్టేసింది. ఎవరూ రాలేదు. కంప్యూటరు తెరమీద ప్రదర్శన దరఖాస్తు తెరిచే ఉంది. ‘ఫోటో తీసినవారు’ అన్న చోట ఫజిలత్ అని పొద్దుననగా కొట్టిపెట్టింది. ఆ పేరును ఒక్కొక్క అక్షరంగా వెనక్కి చెరిపేసింది.

పొద్దువాలే వేళ బట్టలు తీయడానికి పెరట్లోకి వెళ్ళింది. గోడ అవతల ఎక్కడా పిట్ట కూత వినిపించలేదు. తీగ మీద చీర లాగబోయి ఆగింది. మునివేళ్ళ మీద లేచి గూటి వాకిట్లోకి చూసింది. లోపల పరిచిన జిల్లేడు దూదిలో, రెండు ఒళ్ళు ఒకదానికొకటి ఒరుసుకుని పడుకున్నంత మేర, చిన్న గుంట.