పాకుతూ పట్టిన చోటు

సబ్‌వూఫర్‌ని, అంటే మంద్రస్వరాలు పలికే స్పీకర్ పెట్టెని, గది మూలకి తోసేసి, వాల్యూమ్ నాబ్ చివరిదాకా తిప్పి, ఆనక ఒకటే హోరంటూ నాకు ఫోన్ చేసేవాళ్ళు వారానికి ముగ్గురైనా ఉంటారు. అమెరికాలో ఈ మిల్వాకీ ఊళ్ళో ఇరవై ఆరేళ్ళుగా ఇళ్ళలో స్టీరియోలు అమర్చుతున్నాను. నాకు లొంగని గది ఇంతవరకూ తగల్లేదు. గొప్పలు కాదు, ఉన్నమాటే.

కాజ్మిర్ వోయ్‌చిక్ ఇంట్లోనూ అదే తంతు. ఆయన ఒకప్పుడు పోల్కా డాన్సుల బ్యాండులో డబుల్ బేస్ అనే నిలువెత్తు తంత్రీవాద్యం వాయించేవాడు. ఇప్పుడు వేళ్ళు వంగవు. ఆ రోజులకి గుర్తుగా ఒక్క రికార్డు మిగిలింది. చిన్న స్పీకర్లలో అకార్డియన్ తప్ప ఆయన వాయిద్యం వినపడదని సబ్‌వూఫర్ కొన్నాడు. తీరా పెడితే ఏ స్వరమూ తేలకుండా ఒకటే దడదడ.

"పెట్టె తప్పు కాదేమో లోర్నా. నేనే అంత ఘోరంగా వాయించానేమో," అన్నాడు. శనివారం ఇంటిముందు పాత సామాన్లతో పాటు అమ్మేద్దామని రికార్డుని అప్పటికే అట్టపెట్టెలో పడేశాడు. నాకు ఒళ్ళు మండింది.

"బీరువాలో నా పింగాణీ కప్పులు కూడా గంతులేస్తున్నాయి," అంది ఆయన భార్య లుసీల్.

రికార్డుని అట్టపెట్టెలోంచి తీసి ప్లేయర్ మీద పెట్టాను. సబ్‌వూఫర్‌ని ఎత్తి, కాజ్మిర్ రోజూ కూర్చునే కుర్చీలో పెట్టాను. తర్వాత మోకాళ్ళ మీద గోడ వెంట పాకడం మొదలుపెట్టాను.

"ఏం పారేసుకున్నావమ్మా?" అంది లుసీల్.

"మీ ఆయన బేస్‌ని. పెట్టె కుర్చీలో మోగుతుంటే, నేలమీద ఎక్కడ స్వరాలు విడివిడిగా వినిపిస్తే అక్కడ పెట్టాలి దాన్ని. అప్పుడు కుర్చీలో కూర్చున్నవాళ్ళకీ అలాగే వినిపిస్తుంది."

తలుపు దగ్గర బేస్ వినపడనే లేదు. కిటికీ కింద అదే హోరు. లుసీల్ కుట్టు మిషను పక్కకి వచ్చేసరికి, ఎవరో తాపీగా మెట్లు దిగుతున్నట్టు, స్వరం తర్వాత స్వరం వినిపించింది.

"ఇదే చోటు," అన్నాను.

"నా మిషను జోలికొస్తే ఊరుకోను."

"మీరే వచ్చి వినండి."

సణుక్కుంటూనే బల్ల పట్టుకుని మోకాళ్ళ మీదకి దిగింది. పెళ్ళికి ముందు ఆ బ్యాండు ఎదుటే డాన్సు చేసిన మనిషి. చెవి నేలకి దగ్గరగా పెట్టి వింది.

"క్యాజ్, ఈ మిషను జరుపు," అంది చివరికి మొగుడితో.

సబ్‌వూఫర్‌ని అక్కడ పెట్టి, చిన్న స్పీకర్లు పలకలేని మంద్రస్వరాల దగ్గర్నుంచి అది అందుకునేలా సరిచేసి, నాబ్ సగానికి తగ్గించాను. రికార్డు మొదటినుంచి వేశాను. కుర్చీ చేతి మీద కాజ్మిర్ వంగని వేళ్ళు కదలసాగాయి. రెండో పాట మధ్యలో ఠక్కున ఆగాయి.

"అక్కడ తప్పు వాయించావు," అంది లుసీల్.

"అవును, తప్పే. నీక్కూడా వినపడిందా?" కళ్ళు తుడుచుకుంటూ నావైపు తిరిగాడు. "ఆ ముక్క మళ్ళీ వెయ్యి లోర్నా."