మూడోసారి విరిగిన పన్ను

చెల్లెలి ముందుపన్ను మూడోసారి విరిగింది. పింగాణీ పళ్ళు చేయడంలో పాతికేళ్ళుగా చేయి తిరిగిన అన్నయ్యకు తల కొట్టేసినట్టయింది. ఊరందరి పళ్ళూ రాళ్ళలా నిలుస్తుంటే సొంత చెల్లెలిదే పెంకులా రాలుతోంది.

మొదటిసారి తప్పు తనదే అనుకున్నాడు. ఆ రోజు తొందరపడి కొలిమి తలుపు ముందే తీశాడు. నిదానంగా చల్లారకపోతే పింగాణీ లోపల కంటికి కనపడని బీట పడుతుంది. రెండోసారి, అందం కోసం మరీ పల్చన చేశానని తన్ను తానే తిట్టుకున్నాడు. మూడోది మందంగా చేసి, పూటంతా కొలిమిలోనే చల్లారనిచ్చి, అద్దంలా మెరుగు పెట్టి ఇచ్చాడు. అదీ నాలుగు నెలలకే పోయింది.

ముందు రెండుసార్లూ విరిగిన ముక్క మింగేశానంది చెల్లెలు. ఈసారి ముక్క చూస్తే గానీ కొత్తది చేయనని అన్నయ్య భీష్మించుకు కూర్చున్నాడు. చివరికి రుమాల్లో చుట్టి తెచ్చింది. బాదంగింజ కొరికానని, అడక్కుండానే చెప్పింది.

దీపం కింద భూతద్దం పెట్టి చూశాడు. కొరికితే కింది పళ్ళ దెబ్బ వెనక నుంచి తగలాలి. ఇక్కడ బీటలన్నీ పెదవి వైపు, ఆవగింజంత నలిగిన చోట మొదలయ్యాయి. అన్నయ్య భూతద్దం పక్కన పెట్టాడు.

"బావ కొట్టాడా?"

"ఆయన్నేమీ అనకు. అమ్మే," అంది చెల్లెలు. "స్నానానికి చెయ్యి పట్టుకుంటే నన్నెవరో అనుకుంటుంది. చేతిలో చెంబుంటుంది కదా."

అమ్మకు మతి తప్పి రెండేళ్ళు. చెల్లెలి ఇంట్లోనే ఉంటోంది. అన్నయ్య నెలకోసారి చుట్టపుచూపుగా వెళ్ళేవాడు. అమ్మ నవ్వేది. బాగానే ఉందనుకుని తిరిగొచ్చేవాడు. ఇప్పుడు సిగ్గుతో చెల్లెలి మొహం చూడలేకపోయాడు.

"ఈసారి ఇంకాస్త గట్టిగా చెయ్యి, అన్నయ్యా."

"ఇంతకన్నా గట్టిగా చేస్తే పన్ను నిలుస్తుందమ్మా. దాన్ని తొడిగిన నీ అసలు పంటి వేరు విరుగుతుంది."

కాసేపు ముక్కను అటూ ఇటూ తిప్పాడు. అమ్మను తన ఇంటికి తెచ్చుకుంటానన్నాడు.

చెల్లెలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మరి నీ పళ్ళెవరు చేస్తారు?"

అన్నయ్య ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. పింగాణీ పొడి డబ్బా దగ్గరకు లాక్కుని నాలుగో పన్నుకు కలపడం మొదలుపెట్టాడు.